తెల్లపిల్లి, పాత కెమెరా

మార్చి 2

గుండీల మేడమ్ ఫొటోలన్నీ తిప్పి పంపింది. అంతటితో ఊరుకోకుండా ఫోన్ కూడా చేసింది.

"ఏమ్మా, నాలుగు బెజ్జాల గుండీకి నాకు ఆరు కనిపిస్తున్నాయేంటి?"

"కొంచెం సాఫ్ట్‌గా వచ్చాయండీ."

"సాఫ్ట్‌గా రావడానికి అదేమైనా పరుపా? కొమ్ముతో చేసిన గుండీ తల్లీ! దాని మీద గీతలు చూసే కదా కొనేవాళ్లు కొనేది. హోల్‌సేల్ కేటలాగులో మబ్బులు వేసుకుంటానా?"

నెలాఖరులోగా మళ్లీ తీసివ్వాలి. లేకపోతే కేటలాగు ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఆవిడ కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పుంటే బాగుండేది, బతిమాలుకునేదాన్ని.

పొద్దున ప్రెస్సులో ఎవరెవరివో పేజీలు సర్దే ఉద్యోగం కాకుండా, నాదని చెప్పుకోడానికి దొరికిన మొదటి పని ఇది. దీన్ని చూపించి ఇంకో నాలుగు పనులు అడుగుదామనుకున్నాను.

ఫొటోలు కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూశాను. ఆవిడ అన్నది నిజమే. ఫోకస్ గుండీ మీద లేదు, గుండీ కింద పరిచిన గుడ్డ మీదుంది. నేత పోగుపోగూ లెక్కపెట్టొచ్చు. గుడ్డలమ్మేవాళ్ల కేటలాగైతే బ్రహ్మాండంగా ఉండేది.

కెమెరా ముసలిదైపోయింది. దానిదే తప్పు.

మార్చి 3

కెమెరాదే.

మార్చి 5

మెగాపిక్సెల్ వచ్చింది. కాలేజీలో నా పక్క సీటు. ఎవరికైనా ఆడపిల్ల పుట్టిందని చెప్తే ఎన్ని మెగాపిక్సెల్స్ అని అడిగే రకం కాబట్టి ఆ పేరు ఖాయమైపోయింది.

నా కెమెరాని అటూ ఇటూ తిప్పి, చేతిపట్టు దగ్గర ఊడిపోతే నేను గమ్ముతో అంటించిన రబ్బరుని గోటితో గీకి, నిట్టూర్చింది.

"ఒసే, దీనికి వెనక తెర మీద ముందుగా చూసుకునే వీలే లేదు కదే. తీశాక గానీ కనపడదు. ఇంకా ఆ బెజ్జంలో కన్ను పెట్టి, చేత్తో ఫోకస్ తిప్పుతూ... నువ్వేమైనా జలాంతర్గామి నడుపుతున్నావా?"

"దగ్గరి వస్తువులు తీసే లెన్సుకి చేత్తోనే తిప్పాలి."

"అందుకే చెప్తున్నా, మొత్తం మార్చెయ్. కొత్తవాటిలో మనిషి కన్ను ఎక్కడుందో అదే పసిగట్టి ఫోకస్ చేసుకుంటుంది."

"గుండీలకి కళ్లుండవు."

"బెజ్జాలుంటాయిగా!"

తను వెళ్లాక కూర్చుని ఆలోచించాను. కొత్తది కొంటే నా లెన్సులు దానికి సరిగా కుదరవు. అదే కంపెనీది కాస్త తర్వాతి మోడల్ ఎవరైనా వాడేసింది దొరికితే లెన్సులు మిగులుతాయి. బాగుచేయిస్తే ఏదీ కొనక్కర్లేదు, కానీ సర్వీసువాడు చూసి "దీనికేం కాలేదే" అంటే?

అంటే ఏముంది. ఇంకో సర్వీసువాడికి చూపిస్తాను.

బ్యాటరీ కూడా ఇలాగే ఉంది. నిండా ఛార్జి చేసి అల్మరాలో పెడితే, మర్నాటికి సగానికి దిగిపోతోంది. ఎవరూ ముట్టుకోకుండానే. కంటిబెజ్జం చుట్టూ ఉండే రబ్బరుకి ఏదో పౌడర్ వాసన. వయసొస్తే వస్తువులక్కూడా వాసనొస్తుంది కాబోలు.

నానమ్మ మాత్రం హుషారుగా ఉంది. ఎదురు మేడ మూడో అంతస్తులో ఎవరో తెల్లపిల్లిని తెచ్చుకున్నారట. కిటికీలో కూర్చుంటే పొద్దుగూకేదాకా కదలదట. "ఎంత బుద్ధిమంతురాలో! ఈ కొంపలో కూర్చోమంటే కూర్చునేవాళ్లు ఒక్కరున్నారా?" అని నా వైపు చూసింది. చూస్తూ చూస్తూ టీ కప్పు పక్కన పోసింది.

ముసలివాళ్లకి దగ్గరివి ఆనవుగానీ దూరానివి బాగా కనిపిస్తాయంటారు. మా ఇంట్లోంచి ఆ కిటికీలో ఏముందో నాకే తెలియడం లేదు.

మార్చి 8

నానమ్మకి కిటికీ అద్దాల పిచ్చి పట్టింది.

"అమ్మాయ్, ఈ అద్దం తుడిచి ఎన్నాళ్లయింది? వీధంతా పొగ పట్టినట్టుంది."

"పొద్దున్నే తుడిచాను అత్తయ్యా. ఇంకా తుడిస్తే అరిగిపోయి గాలొస్తుంది."

"తుడిచావా, నిమిరావా?"

అమ్మ మళ్లీ గుడ్డ తడిపింది. నాన్న లేచి బయటికి వెళ్లిపోయాడు. అద్దం మురికన్న మాట విన్నప్పుడల్లా ఆయన అంతే.

నాన్నకి కూడా మొదట అద్దమే మురికైంది. కళ్లజోడు అద్దం. అప్పట్లో ఇళ్ల ప్లాన్లు గీసేవాడు. బల్ల దగ్గర కూర్చుని, కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీసి తుడిచేవాడు. ఏడాదిపాటు తుడుస్తూనే ఉన్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి కుడి కంటి నరం ఎండిపోయింది. ఎడమది కాపాడారు. దాంతో గొట్టంలోంచి చూసినట్టు చూస్తాడు. ఇప్పుడు అదే ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చుంటాడు.

"ఇది కుటుంబాల్లో ఉంటుంది, పిల్లల్ని కూడా తీసుకురండి" అన్నాడు డాక్టరు అప్పుడే. పరీక్షలయ్యాక వస్తానన్నాను. పరీక్షలు ఎప్పుడో అయిపోయాయి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో. కెమెరా గురించి రాద్దామని కూర్చున్నాను.

మార్చి 9

ఎడమ కన్ను మూసి, కుడి కంటితో క్యాలెండర్ చూద్దామనుకున్నాను. చూడలేదు. అమ్మ పిలిచింది.

అమ్మ పిలవలేదు.

మార్చి 11

రెండోసారి తీసినవీ పాడయ్యాయి. ముత్యపు చిప్పతో చేసిన గుండీలు. నా కర్మకొద్దీ అందమైనవన్నీ ఈ విడతలోనే వచ్చాయి.

ఇంత కష్టపడి ఫోకస్ ఎప్పుడూ తిప్పలేదు. ముందుకి తిప్పితే మసక, వెనక్కి తిప్పితే మసక, మధ్యలో ఎక్కడో ఇదే అనిపించిన చోట నొక్కాను. ఆ వేటలో ఉండగా ఒక విషయం గమనించాను. గమనించానని ఇక్కడ రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. వ్యూఫైండర్‌లో, అదే కన్ను పెట్టే బెజ్జంలో, బొమ్మ కింద చిన్న పచ్చ అంకెలు వెలుగుతుంటాయి. అవి లెన్సులోంచి వచ్చేవి కావు, కెమెరా లోపలే వెలిగేవి. లెన్సు పాడైనా, ఫోకస్ తప్పినా వాటికేం కాకూడదు.

అవీ మసగ్గానే ఉన్నాయి. ఎనిమిదో మూడో తెలియలేదు.

నేను కుడి కన్నే పెడతాను. నాన్నకి పోయింది కుడి కన్నే.

డాక్టరు దగ్గరికి వెళ్తే నాన్నకి తెలుస్తుంది. తెలిస్తే నన్నేమీ అనడు. ఫోన్లు పెట్టే బల్ల ముందు కూర్చుని, తన నుంచే నాకొచ్చిందని రోజంతా అనుకుంటాడు. అది నేను చూడలేను.

కొత్త కెమెరా కొనేస్తాను. అదే మంచిది. అంకెలు వెలిగించే దీపం కూడా ముసలిదై ఉండొచ్చు కదా.

మార్చి 14

వరసగా రాయాలి, లేకపోతే ఇది జరిగిందని రేపు నేనే నమ్మను.

ప్రెస్సు నుంచి తిన్నగా కెమెరాల షాపుకి వెళ్లాను. ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేద్దామని పాతదాన్ని కూడా సంచిలో వేసుకెళ్లాను. కౌంటర్ దగ్గర ఒకమ్మాయి, చేతులకి తెల్ల గ్లవ్స్, నోట్లో చూయింగ్ గమ్. నేనడిగిన మోడల్ తీసి, మెడపట్టీ సవరించి, నా చేతిలో పెట్టింది. బరువు లేదు, పావురంలా ఉంది. అట్టపెట్టె వాసన కూడా పోలేదు.

కన్ను పెట్టాను.

మసక.

అంకెలు కూడా మసకే.

నేల కదిలిందని రాస్తే నాటకంలా ఉంటుంది. నేల కదల్లేదు. చాలా మామూలుగా ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది, పక్క కౌంటర్‌లో ఎవరో మెమరీ కార్డు బేరమాడుతున్నారు. నాకొక్కటే తెలుస్తోంది, ఇది కొత్త కెమెరా. దీన్ని ముసలిదని ఎలా అనను? ఇంక తుడవడానికి నా దగ్గర ఏ అద్దమూ మిగల్లేదు.

"ఏం మేడమ్, నచ్చలేదా?"

"మసగ్గా ఉంది" అన్నాను. ఈ మాట పైకి అనడం అదే మొదటిసారి. అదీ ఎవరో తెలియని పిల్లతో.

"అయ్యో, ఇందాక వచ్చిన సారు తిప్పేసుంటారు. పక్కన చిన్న చక్రం ఉంటుంది చూడండి, మీ కంటికి సర్దుకోండి" అంది. ఫ్యాను స్విచ్చి అటుందండీ అన్నంత తేలిగ్గా అని, గమ్ము నమలడంలో పడిపోయింది.

ఆ చక్రం! చూపు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుందని, కళ్లజోడున్నవాళ్లూ లేనివాళ్లూ సర్దుకోవడానికని, వ్యూఫైండర్ పక్కన పెడతారు. ఫొటోగ్రఫీ కోర్సులో మొదటి క్లాసు. నా కెమెరాకి కొన్న రోజు సర్దుకున్నాను, అంతే. బెల్టుకి ఏ బెజ్జం సరిపోతుందో ఒకసారి తెలిశాక మళ్లీ ఎవరు చూస్తారు?

తిప్పాను. అంకెలు నీళ్లలోంచి పైకి లేచినట్టు లేచాయి. ఎనిమిది ఎనిమిదే, మూడు మూడే.

సంచిలోంచి నా ముసలిదాన్ని తీశాను. రబ్బరు పక్కకి వంచి చూస్తే చక్రం ఒక చివరికంటా తిరిగి ఉంది. వెనక్కి తిప్పాను. రోడ్డుకి అవతల బేకరీ బోర్డు మీద పెయింటర్ వదిలేసిన బ్రష్షు వెంట్రుక కూడా కనిపించింది. కుడి కంటితో. నా కుడి కంటితో!

"బిల్లు వెయ్యమంటారా మేడమ్?"

వద్దన్నాను. ఎందుకని ఆ పిల్ల అడగలేదు గానీ, టిష్యూ పేపర్ల డబ్బా నా వైపు జరిపింది. అప్పుడు తెలిసింది నేనేం చేస్తున్నానో.

ఇంటికొచ్చి చక్రం ఎక్కడ ఉండాలో అక్కడ ఎర్ర గోళ్లరంగుతో చుక్క పెట్టాను.

మార్చి 15

కొమ్ము గుండీ మీద ఎన్ని గీతలో! ఒక్కొక్కటి తేనె కారినట్టుంది. పొద్దున్నించి తీస్తూనే ఉన్నాను. మధ్యమధ్యలో ఊరికే పచ్చ అంకెలు చదువుకుంటున్నాను, ఎవరో రాసిన మంచి మాటలు చదువుకున్నట్టు.

పని అయ్యాక ఎప్పట్లాగే దగ్గరి లెన్సు తీసి డబ్బాలో పెట్టి, దూరం లెన్సు తగిలించి, అల్మరాలో పెట్టాను.

కెమెరా మార్చాలా వద్దా అని తర్వాత ఆలోచించుకోవచ్చు. ముందు దీనికి నేను చాలా బాకీ ఉన్నాను, తిట్టిన తిట్లన్నీ.

మార్చి 16

చక్రం మళ్లీ తిరిగింది. చుక్క దాటి, చివరికంటా.

మార్చి 17

ప్రెస్సులో కరెంటు పోతే తొందరగా వచ్చేశాను. అమ్మ బజారుకెళ్లింది. చెప్పులు బయటే వదిలి చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్లాను. చెయ్యకూడదని కాదు, ఎండకి నడిచొచ్చి ఓపిక లేక.

నానమ్మ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. మోచేతులు గోడ అంచుకి ఆనించింది. పట్టీ మెళ్లో వేసుకుంది, నాకంటే పద్ధతిగా. ముఖానికి నా కెమెరా. చూపుడు వేలు బటన్ని సగం నొక్కి, ఊపిరి బిగబట్టి, ఎదురు మేడ మూడో అంతస్తు చూస్తోంది.

నా కాలి కింద వదులైన టైలు టక్కుమంది. కెమెరా మాయమై శాలువా కిందికి పోయింది.

"నానమ్మా, నీ శాలువాకి ముక్కు మొలిచింది."

"చలేస్తోందే."

"ఇంత ఎండలోనా?"

"ముసలిదాన్ని. నా చలి నా ఇష్టం."

ఎదురుగా నేలమీద కూర్చున్నాను. కాసేపు చూసి తనే కెమెరా బయటికి తీసింది. కంటి రబ్బరు నిండా తన ముఖానికి రాసుకునే పౌడర్.

"ఆ చక్రం సంగతి నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ఇన్నేళ్లు కుట్టుమిషను తొక్కినదాన్ని. తిప్పేది ఎక్కడుంటే చెయ్యి అక్కడికే పోతుంది. ఇది ఇటు చివరికి తిప్పితే ఎంత హాయిగా ఉంటుందనుకున్నావ్! పిల్లి మీసాలు తప్ప అన్నీ కనిపిస్తాయి."

"అంత హాయిగా ఉంటే కళ్లజోడు పెట్టించుకోవచ్చుగా. డాక్టరు దగ్గరికి రమ్మని అమ్మ ఎన్నిసార్లు అడిగింది?"

నానమ్మ పట్టీని వేలికి చుట్టడం మొదలుపెట్టింది. విప్పింది. మళ్లీ చుట్టింది.

"డాక్టరు దగ్గరికెళ్తే చెప్పేస్తాడుగా."

"ఏమని?"

"వాడికి నా నుంచే వచ్చిందని." వాడంటే నాన్న. "మీ తాతకి పోయేదాకా చూపు భేషుగ్గా ఉంది. మరి వాడి కళ్లకి ఆ రోగం ఎక్కణ్ణించి వచ్చింది? ఇప్పుడు నాకూ ఇలా మసక కమ్ముతోందంటే ఇంక చెప్పేదేముందే? వాడు గీత గీస్తే దారం పరిచినట్టుండేది. అలాంటి కళ్లని నేనే పాడుచేసి కన్నానని, వాడి ముందు కూర్చుని వినమంటావా?"

నానమ్మలా కుట్టేవాళ్లెవరికీ చేతులు ఖాళీగా పెట్టుకోవడం రాదు. ఆ పట్టీని అలా చుడుతూ విప్పుతూనే ఉంది.

అప్పుడు నేనూ చెప్పేశాను. గుండీలు, పచ్చ అంకెలు, కుడి కన్ను, షాపు, అన్నీ. వింటూ వింటూ నోరు తెరిచింది. ఆ తర్వాత నెత్తిన ఒక్కటి మొట్టింది.

"నీ కళ్లు పోతున్నాయనుకుంటూ ఇంట్లో చెప్పకుండా తిరిగావా? పైగా చదువుకున్నదానివి!"

"నువ్వు చెప్పావా?"

"నేను పెద్దదాన్ని."

"అయితే?"

"అయితే ఏముందే, పెద్దవాళ్లు చెప్పరు."

ఇద్దరం ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం. నా చూపు పాడుచేసింది తను, తన చూపు బాగుచేసింది నా కెమెరా. నవ్వొచ్చింది. నానమ్మ నవ్వితే దగ్గొస్తుంది, దగ్గితే కళ్లనీళ్లొస్తాయి, కాబట్టి ఎవరు దేనికి ఏడ్చారో చెప్పలేం.

శుక్రవారం ఇద్దరం కలిసి కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తాం. నాన్నకి చెప్పకుండా.

మార్చి 20

కళ్లలో చుక్కలు వేసి బెంచీ మీద కూర్చోబెట్టారు. కాసేపటికి ఇద్దరికీ ఏమీ కనపడలేదు. నానమ్మ నా చెయ్యి అనుకుని పక్కావిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడా వదల్లేదు. ఆవిడక్కూడా ఎవరిదో ఒక చెయ్యి కావాలనిపించి ఉంటుంది.

లోపలికి ముందు నన్ను పిలిచారు. గడ్డం ఆనించి, నుదురు ఆనించి, రెప్ప వెయ్యకుండా... డాక్టరమ్మ దీపం వేసి ఒక్కో కన్నూ చూసింది. నేను మనసులో గుండీల రకాలు అప్పజెప్పుకున్నాను. కొమ్ము, చిప్ప, కొబ్బరి పెంకు, ఇత్తడి.

"నరం శుభ్రంగా ఉంది. కంట్లో ఒత్తిడీ మామూలే. కానీ మీ నాన్నగారి సంగతి ఉంది కాబట్టి ఏడాదికోసారి రావాలి. ఎగ్గొట్టకండి."

ఎగ్గొట్టను.

ఆ తర్వాత నానమ్మ. ఇటు కన్ను, అటు కన్ను, మళ్లీ ఇటు కన్ను.

"శుక్లాలమ్మా. బాగా ముదిరాయి. తీసేసి లోపల చిన్న లెన్సు పెడతాం, అంతే. నరానికేం లేదు."

"అంటే మావాడి రోగం కాదా?"

"కాదు. ఇది తల నెరిసినట్టు వయసుకి వచ్చేది. ఆయనకి అది ఎవరి వైపు నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఎవరి తప్పూ కాదు కూడా."

డాక్టరమ్మ చెప్పిన దాంట్లో నానమ్మ తనకి కావలసిన ముక్కే విన్నది. దారి పొడుగునా "నాది కాదంట" అని నా చెవిలో చెప్తూనే ఉంది. మెట్ల దగ్గర ఆగి ఒకసారి, నీళ్లు తాగి ఒకసారి. ఎండకి కళ్లు తెరవలేక ఇద్దరం ఒకళ్ల భుజం ఒకళ్లం పట్టుకుని నడిచాం. చూసినవాళ్లు ఏమనుకున్నారో గానీ మేము రాజాల్లా నడిచాం.

ఇంట్లో దాచలేకపోయాం. నల్ల కళ్లద్దాలతో ఇద్దరు గుమ్మంలో నిలబడితే ఏం దాస్తాం?

ముందు అమ్మ అందుకుంది. "అంటే ఇన్నాళ్లూ నాచేత ఊరికే తుడిపించారా? అత్తయ్యా, ముందు ఆ కిటికీ అద్దాలకి క్షమాపణ చెప్పండి."

నాన్న మొత్తం విన్నాడు. నా దగ్గరికొచ్చి, గడ్డం పట్టుకుని, తన గొట్టం చూపులో నా కుడి కన్ను ఇమిడేలా ముఖం అటూ ఇటూ జరిపి చూశాడు. ఆ తర్వాత నానమ్మ పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, నీ నుంచి నాకేం వచ్చిందో తెలుసా? తిన్నగా గీత గియ్యడం. నువ్వు గుడ్డ మీద సుద్దతో గీస్తుంటే చూసి నేర్చుకున్నా."

కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. అమ్మ గాభరాగా చూసింది.

"ఏం లేదే" అన్నాడు నాన్న. "ఈసారి నిజంగానే తడిసింది."

మార్చి 21

బాగా నిద్రపోయాను.

మార్చి 29

గుండీల మేడమ్ ఫోన్. "నాలుగు బెజ్జాల దానికి నాలుగే ఉన్నాయి. సంతోషం. కొమ్ము గుండీ చూస్తే నాకే కొనాలనిపించింది, నా సరుకు నేనే! లేసులు కూడా ఉన్నాయి, ఎప్పుడు మొదలుపెడతావ్?"

లేసులకి కొత్త కెమెరా అక్కర్లేదు. కొన్నది కొత్త బ్యాటరీ ఒక్కటే. రోజంతా పిల్లిని కాపలా కాస్తే ఏ బ్యాటరీ అయినా దిగిపోతుంది. అదీ ముసలితనమని దాని ఖాతాలో రాశాను, పాపం.

ఏదో ఒక రోజు మారుస్తాను. ఏదైనా పని దీనివల్ల కాకపోతే మారుస్తాను. నాకు భయమేసి మాత్రం కాదు.

ఏప్రిల్ 12

రెండో కన్ను కూడా అయిపోయింది. కట్టు విప్పాక నానమ్మ ముందు తన చేతులు చూసుకుంది. "ఇన్ని ముడతలున్నాయా?" ఆ తర్వాత అమ్మని చూసి, "నువ్వేంటే ఇలా చిక్కిపోయావ్?" అమ్మ ఆ మాటకి పొద్దున్నించీ మురిసిపోతూనే ఉంది.

మెగాపిక్సెల్ చూడ్డానికొచ్చి, "ఇంట్లో కొత్త లెన్సు వచ్చింది నానమ్మకేనా? ఎన్ని మెగాపిక్సెల్స్ నానమ్మా?" అంది. "నువ్వు మూతి కడుక్కుని రాలేదని తెలిసేటన్ని" అంది నానమ్మ. నిజంగానే మూతికి టూత్‌పేస్టు ఉంది.

సాయంత్రం కుర్చీ కిటికీ దగ్గరికి లాగించుకుంది. ఏమీ పెట్టుకోకుండా, ఉత్త కళ్లతో, ఎదురు మేడ కేసి చాలాసేపు చూసింది. నేను లేసు ముక్కలు సర్దుకుంటున్నాను.

"ఒసేయ్."

"ఊఁ."

"అది పిల్లి కాదే."

"మరి?"

"దిండు."

లేచి వెళ్లి చూశాను. నా కళ్లకి ఏదో తెల్లగా ఉందంతే. కెమెరా తెచ్చిచ్చాను. నానమ్మ పట్టీ మెళ్లో వేసుకుని, కన్ను పెట్టి, అలవాటుగా చక్రం చివరికంటా తిప్పి, "ఇది మసగ్గా ఉంది" అంది. కాస్త తిప్పింది, కాస్త వెనక్కి తిప్పింది, ఆగింది.

"దిండే. చుట్టూ కుచ్చులు కూడా ఉన్నాయి. ఇన్నాళ్లు ఎంత బుద్ధిమంతురాలని మెచ్చుకున్నానే దాన్ని!" నవ్వి, దగ్గి, కెమెరా నా చేతిలో పెట్టింది.

నేను కన్ను పెట్టాను. కుడి కన్నే. దిండు, కుచ్చులు, ఒక కుచ్చుకి ఊడి వేలాడుతున్న దారం, కింద పచ్చ అంకెలు. చక్రం మీద వేలు పెట్టి చూసుకున్నాను. ఎర్ర చుక్క దగ్గరే ఉంది. నేను తిప్పక్కర్లేకపోయింది.